ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఎస్ఎస్‌హెచ్ కీ ఫైళ్లు రెండు కనిపిస్తున్నాయి, పుష్ మాత్రం అవడం లేదు. ఏం చేయాలి?

కోనసీమ కోడర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం అండీ. నిన్న రాత్రి పదకొండున్నర నుంచి దీని మీదే కూర్చున్నాను. ఎవరైనా దారి చూపిస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.

మాది పి.గన్నవరం దగ్గర పల్లె. మా బాబాయి అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. ఆయన కోసం నేనూ, డిగ్రీలో నాతో చదివిన ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ఏ రైతు తోటలో ఎన్ని వేల కాయలు దింపించారు, వెయ్యికి ఏ ధర కట్టారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, బాకీ ఎంత ఉంది, ఇవన్నీ ఇప్పటిదాకా ఎర్ర అట్ట పుస్తకంలోనే ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని మా ఆశ. కోడ్ గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో, నా ఖాతాలో ప్రైవేట్ రిపోగా, అంటే బయటివాళ్లకు కనిపించని ప్రాజెక్ట్‌గా ఉంది. మా మార్పులను అక్కడికి పంపడమే పుష్.

ఇన్నాళ్లూ హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌తో, టోకెన్‌తో (పాస్‌వర్డ్ బదులు వాడే, గడువున్న కోడ్) పని నడిచింది. నిన్న ఆ టోకెన్ గడువు అయిపోయింది. మూడు నెలలకోసారి ఈ తంటా ఎందుకు, పాస్‌వర్డ్ బదులు లాప్‌టాప్‌లోని ఫైలుతోనే గుర్తుపట్టించే ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టేసుకుందాం అనుకున్నాను. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే గిట్ బాష్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి, ఒక వీడియోలో చూపించినట్టు ఎస్ఎస్‌హెచ్-కీజెన్ అనే కీ తయారుచేసే కమాండ్ కొట్టాను. కీని ఏ ఫైల్లో దాచాలి అని అడిగింది. గుర్తుంటుందని "హోమ్‌ల్యాప్" అని పేరు ఇచ్చాను. పాస్‌ఫ్రేజ్, అంటే ఆ కీ ఫైలుకి పెట్టే రహస్య వాక్యం, అడిగితే ఏమీ ఇవ్వకుండా రెండుసార్లు ఎంటర్ నొక్కాను.

తర్వాత గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో పేస్ట్ చేస్తే "కీ ఇన్‌వాలిడ్" అంది. కాసేపటికి తెలిసింది, నేను వేరే ఫైల్ పేస్ట్ చేశానని. డాట్ పబ్ అని చివర ఉన్నది పేస్ట్ చేస్తే తీసుకుంది. టెస్ట్ చేద్దామని గిట్‌హబ్‌కి కనెక్ట్ అయితే, ఈ హోస్ట్ నిజమైనదో కాదో తేల్చలేకపోతున్నాను, కొనసాగించాలా అని ఏదో అడిగింది. యస్ కొట్టాను. చివరికి "పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ" అని వచ్చింది. పదిసార్లు చేసినా అదే.

ఇప్పుడు గిట్ స్టేటస్ కొడితే హోమ్‌ల్యాప్, హోమ్‌ల్యాప్ డాట్ పబ్ అని రెండు ఫైళ్లు ఎర్రగా కనిపిస్తున్నాయి. వాటిని కూడా యాడ్ చేసి పుష్ చేస్తేనే పని చేస్తుందా? ఇంకో మాట, ఇద్దరం ఒకటే కీ వాడుకుందామని ఆ ఫైళ్లు మా స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపాను. శనివారం బాబాయికి చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

మైలవరం కుర్రాడు:

నాకు తెలిసి కీ గిట్‌హబ్‌లో ఎక్కించారు కాబట్టి ఫైళ్లు ఎక్కడున్నా ఫర్వాలేదు. ప్రైవేట్ రిపోయే కదా, అందులోనే పెట్టేస్తే మీ ముగ్గురికీ దొరుకుతాయి. ఎవరికీ విడిగా పంపక్కర్లేదు.

పాత అడ్మిన్, సికింద్రాబాద్:

అమ్మా, గిట్ యాడ్ కొట్టకు. ఇది చదివేవరకు ఆ ఫోల్డర్‌లో ఏమీ ముట్టుకోకు.

తమ్ముడూ మైలవరం, నువ్వు సాయం చేద్దామనే చెప్పావు, కానీ ఆ పని చేయకూడదు. రిపోలోకి ఒకసారి వెళ్లిన ఫైల్‌ని తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్లలో, అంటే అంతకుముందు దాచిన మార్పుల రికార్డులో, అలాగే ఉంటుంది. రిపోని క్లోన్ చేసిన (కాపీ దించుకున్న) ప్రతి లాప్‌టాప్‌లోకీ వెళ్తుంది. ఇవాళ ప్రైవేట్‌గా ఉన్న రిపోని రేపు ఎవరైనా పబ్లిక్ చేస్తే చరిత్ర అంతా బయటపడుతుంది. ఇది అనుభవం లేనివాళ్లే చేసే పొరపాటు అని కూడా అనుకోవద్దు. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన సర్వర్లకు వాడే ఆర్ఎస్ఏ రకం హోస్ట్ కీనే, అంటే తాను గిట్‌హబ్బేనని చూపించే కీనే, మార్చాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ ప్రైవేట్ కీ కాసేపు ఒక పబ్లిక్ రిపోలో బయటపడింది. అంతటి వాళ్లకే జరిగింది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఉగాది వెళ్లి రెండు రోజులైంది, శుక్రవారం. మన టైమ్ ప్రకారం పొద్దున పదిన్నరకి కీ మారింది. నేను అప్పుడు పనిచేస్తున్న చోట పదకొండు కాకుండానే ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చారు. స్క్రీన్ నిండా, రిమోట్ హోస్ట్ గుర్తింపు మారింది, ఎవరో మధ్యలో కూర్చుని వింటూ ఉండొచ్చు అనే పెద్ద హెచ్చరిక. ఒక కుర్రాడు అప్పటికే ఆ హెచ్చరిక రాకుండా చెక్ మొత్తం ఆపేసే సెట్టింగ్ పెట్టేసుకున్నాడు. వాడి పక్కన కూర్చుని అది తీయించాను. గిట్‌హబ్ వాళ్ల బ్లాగ్ తెరిచి, వాళ్లిచ్చిన కొత్త ఫింగర్‌ప్రింట్‌ని (కీని గుర్తుపట్టే అక్షరాల వరుస) మాకు కనిపిస్తున్న దానితో అక్షరం అక్షరం పోల్చుకుని, అప్పుడే పాత ఎంట్రీ తీసేసి కొత్తది ఒప్పుకున్నాం. ఈడీ25519 అనే ఇంకో రకం హోస్ట్ కీ వాడుతున్నవాళ్లకి ఆ రోజు ఏ ఇబ్బందీ లేదు. మారింది ఆర్ఎస్ఏది మాత్రమే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు నిన్న చూడకుండా యస్ కొట్టిన ప్రశ్న ఇదే. నువ్వెవరో గిట్‌హబ్ అడిగే ముందు, అవతల ఉన్నది గిట్‌హబ్బేనా అని నీ లాప్‌టాప్ నిన్ను అడుగుతోంది. గిట్‌హబ్ డాక్యుమెంటేషన్‌లో ఫింగర్‌ప్రింట్ల పేజీ ఒకటి ఉంది. ఎస్‌హెచ్‌ఏ256 అని మొదలయ్యే వరుస అక్కడా, నీ స్క్రీన్ మీదా ఒకటే అయితే యస్ కొట్టు. ఇప్పుడైనా సరిచేసుకోవచ్చు. ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌కి పెద్ద ఆర్, ఆ తర్వాత గిట్‌హబ్ డాట్ కామ్ ఇస్తే పాత ఎంట్రీ పోతుంది. మళ్లీ కనెక్ట్ అయినప్పుడు మళ్లీ అడుగుతుంది. (కమాండ్లు ఇక్కడ నోటితో పలికినట్టు రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు. పెద్ద ఆర్, చిన్న వి లాంటి ఒంటి అక్షరాల ముందు అడ్డగీత పెట్టు.)

ఇక కీ సంగతి. నువ్వు బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు నమూనా సంతకం తీసుకుంటారు కదా. డాట్ పబ్ ఫైల్ అలాంటిది. అది గిట్‌హబ్ దగ్గర ఉంటుంది, ఎవరు చూసినా నష్టం లేదు. నిజానికి గిట్‌హబ్‌లో ఎవరి యూజర్‌నేమ్ పక్కన డాట్ కీస్ అని కొట్టినా వాళ్ల పబ్లిక్ కీలు కనిపిస్తాయి. రెండో ఫైల్, అంటే డాట్ పబ్ లేని ప్రైవేట్ కీ, సంతకం పెట్టే చెయ్యి. కనెక్ట్ అయిన ప్రతిసారీ నీ లాప్‌టాప్ ఆ చేత్తో సంతకం పెట్టి పంపుతుంది, అవతల నమూనాతో సరిచూస్తారు. చెయ్యి మాత్రం నీ లాప్‌టాప్ దాటి వెళ్లదు. బ్యాంకు సంతకానికీ దీనికీ ఒక్కటే తేడా. ఇక్కడ నమూనా చూసి దొంగ సంతకం పెట్టడం ఎవరివల్లా కాదు.

నిన్న నువ్వు ఆ చేతిని గిట్‌హబ్ బాక్స్‌లో పేస్ట్ చేశావు, వాట్సాప్‌లో పంపావు, పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టలేదు. నిన్ను కోప్పడటం లేదమ్మా. నీకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ కీ ఇక పనికిరాదు. ఖాతాలో పెట్టిన కీ ఒక్క రిపోకే కాదు, నీ ఖాతాకి ఎన్ని రిపోల్లో పుష్ చేసే హక్కు ఉందో అన్నిటికీ పని చేస్తుంది. ఆ ఫైల్ ఎవరి దగ్గరుంటే వాళ్లు నువ్వే. ముందు గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో దాన్ని డిలీట్ చెయ్యి. తర్వాత ఫోల్డర్‌లోని రెండు ఫైళ్లూ తీసెయ్యి. స్నేహితురాలిని కూడా తీసెయ్యమను. వాట్సాప్‌లో ఇద్దరికీ డిలీట్ చేసినా, ఈ వరుసలో గిట్‌హబ్ నుంచి తీయడమే అసలు పని. అక్కడ నమూనా లేకపోతే బయట ఎవరి దగ్గర ఏమున్నా చెల్లదు.

కొత్త కీ చేసేటప్పుడు ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌కి చిన్న టి పెట్టి ఈడీ25519 అని ఇవ్వు. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.5 నుంచి ఏమీ ఇవ్వకపోయినా అదే చేస్తుంది, కానీ నీ దగ్గర ఏ వెర్షన్ ఉందో ఎందుకు, ఇచ్చెయ్యి. ఏ ఫైల్లో దాచాలి అన్నప్పుడు ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కు. నిన్న నువ్వు ఉత్త పేరు ఇచ్చావు కాబట్టి అది నీ యూజర్ ఫోల్డర్‌లో ఉండే డాట్ ఎస్ఎస్‌హెచ్ అనే ఫోల్డర్‌లోకి కాకుండా, నువ్వున్న ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకే వచ్చి పడింది. ఎస్ఎస్‌హెచ్ తనకు తెలిసిన చోట, తెలిసిన పేర్లతో వెతుకుతుంది. అక్కడ ఏమీ లేదు. నీ పర్మిషన్ డినైడ్‌కి కారణం అదే.

పాస్‌ఫ్రేజ్ తప్పకుండా పెట్టు. ఒకసారి మా టీమ్‌లో ఒక అమ్మాయి లాప్‌టాప్ రైల్లో పోయింది. రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడుస్తోంది. ఆమె కీకి పాస్‌ఫ్రేజ్ ఉంది. పైగా ఏ మెషీన్‌కి ఆ మెషీన్ పేరుతోనే కీ పెట్టుకునే అలవాటు మా దగ్గర ఉండేది. గిట్‌హబ్‌లో ఆ లాప్‌టాప్ పేరున్న ఒక్క కీ తీసేశాం, రెండు నిమిషాల పని. తెల్లారి వేరే మెషీన్ మీద కొత్త కీతో ఆమె పని చేసుకుంది. అందరం ఒకటే కీ వాడుతూ ఉంటే ఆ రాత్రి పదిహేనుమందిని నిద్ర లేపాల్సి వచ్చేది.

నీ స్నేహితురాళ్లకి వాళ్ల ఖాతాలు వాళ్లకి ఉండనీ, వాళ్ల కీలు వాళ్లు చేసుకోనీ. రిపోలో వాళ్లను కొలాబరేటర్లుగా చేర్చు. 2020 ఏప్రిల్ నుంచి ఉచిత ఖాతాలో కూడా ప్రైవేట్ రిపోకి ఎంతమందినైనా చేర్చుకోవచ్చు. కోడ్ ఎవరు పుష్ చేశారో గిట్‌హబ్‌కి ఆ మనిషి ఖాతా పేరుతో తెలియాలంటే కూడా ఇదే పద్ధతి.

కోనసీమ కోడర్:

సార్, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. పాత కీ గిట్‌హబ్‌లో తీసేశాను, ఫైళ్లు తీసేశాను, స్నేహితురాలు కూడా తీసేసి స్క్రీన్‌షాట్ పంపింది. మా అమ్మమ్మ చెప్పే ఒక పొడుపు కథ మొత్తం వాక్యంగా పాస్‌ఫ్రేజ్ పెట్టాను... ఏ కథో చెప్పను. ఫింగర్‌ప్రింట్ పేపర్ మీద రాసుకుని పోల్చుకున్నాను, సరిపోయింది. ఈసారి "హాయ్" అని నా యూజర్‌నేమ్‌తో పలకరించింది, గుర్తింపు అయ్యింది కానీ షెల్ ఇవ్వం అని చెప్పింది. ఇది తప్పా ఒప్పా?

అయినా గిట్ పుష్ కొడితే ఇంకా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇంకో సమస్య, పాస్‌ఫ్రేజ్ ప్రతిసారీ కొట్టాల్సి వస్తోంది. పొద్దున ట్యూషన్ సెంటర్‌లో వైఫై మీద ప్రయత్నిస్తే హాయ్ కూడా రాలేదు, చాలాసేపు ఆగి టైమౌట్ అయిపోయింది. ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం వచ్చింది.

బొబ్బిలి మాస్టారు:

అమ్మా, ఆ హాయ్ రావడమే ఒప్పు. షెల్ అంటే వాళ్ల కంప్యూటర్‌లో కమాండ్లు కొట్టే చోటు, అది ఇవ్వం అన్నది ఎర్రర్ కాదు. గిట్‌హబ్ ఎవరికీ షెల్ ఇవ్వదు. నేను పాలిటెక్నిక్‌లో చెప్తాను, మా ల్యాబ్‌లో ఏటా అరవైమంది పిల్లలతో ఇదే చేయిస్తాను, నీ మూడు ప్రశ్నలూ ఏటా వస్తాయి.

పుష్‌లో పాస్‌వర్డ్ అడగడానికి కారణం నీ కీ కాదు. రిపో క్లోన్ చేసినప్పుడు హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ తీసుకున్నావు, అది అలాగే ఉంది. గిట్ రిమోట్ చిన్న వి అని కొట్టి చూడు. గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్ ఆరిజిన్ అని, ఆ తర్వాత గిట్‌హబ్ పేజీలో కోడ్ బటన్ కింద ఎస్ఎస్‌హెచ్ ట్యాబ్‌లో ఇచ్చే అడ్రస్ పేస్ట్ చెయ్యి. అది గిట్ ఎట్ గిట్‌హబ్ డాట్ కామ్ అని మొదలవుతుంది. అక్కడ గిట్ అనేదే యూజర్, దాన్ని తీసి నీ పేరు పెట్టకు. ప్రతి సంవత్సరం నలుగురైదుగురు పెడతారు. ఆ పాస్‌వర్డ్ బాక్స్‌లో గిట్‌హబ్ పాస్‌వర్డ్ కొట్టినా లాభం లేదు, 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ తీసుకోవడం ఆపేశారు.

పాస్‌ఫ్రేజ్ ప్రతిసారీ కొట్టక్కర్లేదు. విండోస్‌లో సర్వీసెస్ తెరిస్తే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఆథెంటికేషన్ ఏజెంట్ అని ఉంటుంది, తెరిచిన కీని నీ తరఫున గుర్తుపెట్టుకునేది అదే. మామూలుగా డిసేబుల్ చేసి ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చెయ్యి. తర్వాత పవర్‌షెల్‌లో ఎస్ఎస్‌హెచ్-యాడ్ కొట్టి ఒక్కసారి పాస్‌ఫ్రేజ్ ఇవ్వు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గిట్ బాష్‌తో వచ్చే ఎస్ఎస్‌హెచ్ వేరు, విండోస్‌ది వేరు. బాష్‌ది విండోస్ ఏజెంట్‌ని చూడదు. అందుకే గిట్ కాన్ఫిగ్ గ్లోబల్‌లో కోర్ డాట్ ఎస్ఎస్‌హెచ్ కమాండ్ అనే దానికి విండోస్ సిస్టమ్32లోని ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉన్న ఎస్ఎస్‌హెచ్ డాట్ ఈఎక్స్ఈ దారి ఇవ్వాలి. దారిలో గీతలు ముందుకు వాలినవి పెట్టు. ఇది చేయకుండా పిల్లలు విసిగిపోయి పాస్‌ఫ్రేజ్ తీసేస్తుంటారు, నాకు బాధ కలిగేది అక్కడే.

టైమౌట్ వచ్చిందంటే ఆ వైఫైలో 22 పోర్ట్, అంటే ఎస్ఎస్‌హెచ్ మామూలుగా వెళ్లే ద్వారం, మూసి ఉండొచ్చు. మా కాలేజీలో కూడా మూసేశారు. గిట్‌హబ్ దానికి దారి పెట్టింది. ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే ఫైల్ చేసి, హోస్ట్ దగ్గర గిట్‌హబ్ డాట్ కామ్, హోస్ట్‌నేమ్ దగ్గర ఎస్ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్, పోర్ట్ దగ్గర 443, యూజర్ దగ్గర గిట్ అని నాలుగు వరుసలు రాయి. 443 వెబ్ సైట్లు తెరుచుకునే పోర్ట్, దాన్ని మూసేవాళ్లు తక్కువ. కొత్త అడ్రస్ కాబట్టి ఫింగర్‌ప్రింట్ ఇంకోసారి అడుగుతుంది, అదే కాగితంతో పోల్చుకో.

నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైల్ సేవ్ చేస్తే వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఫోల్డర్‌లో చూస్తే కనిపించదు. పోయినేడు ఒక అబ్బాయి మధ్యాహ్నం భోజనం మానేసి దీని మీదే కూర్చున్నాడు. నాలుగు వరుసలూ సరిగ్గానే ఉన్నాయి, నేనూ మూడుసార్లు చదివాను. చివరికి ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెడితే బయటపడింది. సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ అని ఎంచుకో.

పాత అడ్మిన్, సికింద్రాబాద్:

మాస్టారు బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ఇంకా ఎక్కడైనా ఇరుక్కుంటే టెస్ట్ కమాండ్‌కి చిన్న వి తగిలించు. ఏ ఫైల్ కోసం వెతికింది, ఏ కీ చూపించింది, అవతల ఒప్పుకుందా లేదా అన్నీ వరుసగా రాస్తుంది. అది ఇక్కడ పేస్ట్ చేస్తే చెప్తాం. ప్రైవేట్ కీ మాత్రం మాకు కూడా పంపొద్దు. ఎవరైనా అడిగితే ఆ సాయం వద్దని చెప్పు.

మరో సంగతి, బాబాయి దుకాణంలో కంప్యూటర్ ఉంటే దాని మీద నీ కీ పెట్టకు. అక్కడ కోడ్ తీసుకోవడమే తప్ప మార్చే పని లేదు కదా. దానికి డిప్లాయ్ కీ సరిపోతుంది. ఆ మెషీన్ మీదే ఒక కీ చేసి, డాట్ పబ్‌ని నీ ఖాతాలో కాకుండా ఆ రిపో సెట్టింగ్స్‌లో చేర్చు. అది ఆ ఒక్క రిపోకే పని చేస్తుంది, రాసే హక్కు నువ్వు టిక్ పెడితే తప్ప రాదు.

మైలవరం కుర్రాడు:

సార్, నేను తప్పు చెప్పాను, క్షమించండి. మీది చదివాక నా పాత రిపోలు వెతికాను. కాలేజీ మినీ ప్రాజెక్ట్ ఒకదాంట్లో రెండేళ్ల కింద పెట్టిన కీ ఫైల్ అలాగే ఉంది, అది పబ్లిక్ రిపో. కీ ఖాతా నుంచి తీసేశాను. రిపో చరిత్ర కూడా శుభ్రం చేయాలా?

పాత అడ్మిన్, సికింద్రాబాద్:

మంచి పని చేశావు తమ్ముడూ. కీ తీసేశావు కాబట్టి గిట్‌హబ్ వైపు ప్రమాదం పోయింది. అదే కీ ఇంకెక్కడైనా, ఏదైనా సర్వర్‌లో పెట్టావేమో గుర్తు చేసుకుని అక్కడా తీసెయ్యి. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత తీరిగ్గా చేయొచ్చు.

కోనసీమ కోడర్:

అయిపోయింది! ట్యూషన్ సెంటర్ వైఫై మీద నుంచే ఇప్పుడే పుష్ చేశాను. నా నోట్‌ప్యాడ్ కూడా డాట్ టీఎక్స్‌టీ తగిలించింది మాస్టారూ, మీరు చెప్పకపోతే నేనూ భోజనం మానేసేదాన్ని. పాస్‌ఫ్రేజ్ ఒక్కసారే అడిగింది. గిట్‌హబ్‌లో కీకి "ఇంటి లాప్‌టాప్, పి.గన్నవరం" అని పేరు పెట్టాను. దుకాణం కంప్యూటర్‌కి డిప్లాయ్ కీ శనివారం అక్కడికి వెళ్లాక చేస్తాను.

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. స్నేహితురాలు ఇప్పుడు తన కీ తను చేసుకుంటోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కనే ఉన్నాను, ఏ ఫైల్లో దాచాలి అని అడిగిందట. ఏమీ రాయకు, ఎంటర్ నొక్కు అని చెప్తున్నాను.